వచ్చిందంట... వచ్చింది: పుకారు నడిచే దారి

కందుకూరు నుంచి ఒక ఆదివారం పొద్దున మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరే అబ్బయా, స్టోరు బియ్యం కడుగుతంటే కొన్ని గింజలు పైకి తేల్తన్నాయి. పక్కింటామె జూసి ప్లాస్టిక్ బియ్యమంటంది. టీవీలో గూడా జూపిచ్చారంట. పిల్లలకు పెట్టొచ్చా వద్దా?" కనుక్కుని చెప్తానన్నాను. గంట గడవకముందే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో సింగరాయకొండ నుంచి మెసేజ్ పడింది: "కందుకూరులో రేషన్ షాపుల్లో ప్లాస్టిక్ బియ్యం పట్టుబడ్డాయి. దయచేసి అందరికీ తెలియజేయండి."

పిన్ని చెప్పినదాంట్లో ఉన్నది ఒక గిన్నె, కొన్ని తేలిన గింజలు, పక్కింటామె అనుమానం, చివర ఒక ప్రశ్న. సింగరాయకొండ చేరేసరికి గిన్నె పోయి షాపులొచ్చాయి, అనుమానం పోయి పట్టుబడటం వచ్చింది, ప్రశ్న ఉన్నచోట విజ్ఞప్తి చేరింది. మధ్యలో ఈ మాట చేతులు మారిన నలుగురైదుగురూ నాకు తెలిసినవాళ్లే. వాళ్లలో అబద్ధం చెప్పాలనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. పిల్లలు ఆ అన్నం తినకూడదన్న ఆత్రమే అందరిదీ. ఇంత మంచి మనసులున్న మనుషుల మధ్య, ఇంత తక్కువసేపట్లో, లేనిది ఉన్నట్టు ఎట్లా అయింది? ఆ గంటలో జరిగినదాన్ని విప్పి చూస్తే పుకార్ల గురించి తెలుసుకోవాల్సినవి చాలా బయటపడతాయి.

వదంతి, ఆధునిక ఐతిహ్యం, అబద్ధపు వార్త: మూడింటికీ తేడా

వదంతి అన్నా పుకారు అన్నా ఒకటే. ఇంకా తేలని విషయం గురించి, ఈ రోజో రేపో జరగబోయేదాని గురించి నోటి నుంచి నోటికి పోయే మాట. దాని ఆయుష్షు సాధారణంగా రోజులు, వారాలు. "రేపు పెట్రోలు బంకులు బందంట" లాంటిది.

అర్బన్ లెజెండ్ అనేది మాట దాటి కథ అయినది. దానికి మొదలు, మలుపు, ముగింపు ఉంటాయి. చెప్పేవాడు నిజంగా జరిగిందనే చెప్తాడు. జరిగింది మాత్రం తనకు కాదు, మనిషి అవతలి మనిషికి: "మా బావమరిది ఫ్రెండు కళ్లారా చూశాడు." రాత్రిపూట హైవే మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి లిఫ్టు అడగడం, ఎక్కించుకున్నాక కాసేపటికి వెనక సీటు ఖాళీగా ఉండటం మనందరం విన్న కథే. బండెద్దుల కాలంలో ఆమె బండి ఎక్కేది, తర్వాత లారీ ఎక్కింది, ఇప్పుడు బైకులూ క్యాబులూ ఎక్కుతోంది. అమెరికాలో జాన్ హెరాల్డ్ బ్రున్‌వాండ్ అనే జానపద పరిశోధకుడు 1980లలో ఇలాంటి కథలను పోగుచేసి అర్బన్ లెజెండ్ అన్న పేరును జనంలోకి తెచ్చాడు. పేరులో నగరం ఉన్నా కథలు పల్లెల్లోనూ అంతే బలంగా తిరుగుతాయి. పాత గ్రామకథల నుంచి వేరు చేసి చూపడానికి పెట్టుకున్న పేరది. తెలుగులో దీన్ని ఆధునిక ఐతిహ్యం అనుకోవచ్చు.

మూడోది కావాలని అల్లినది, అంటే అబద్ధమని తెలిసే తయారుచేసిన వార్త. దీన్ని వేరుచేసేది ఉద్దేశం. చిక్కేమిటంటే అల్లినవాడి ఉద్దేశం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడో ఎవడో దురుద్దేశంతో కత్తిరించిన వీడియోను ఒంగోలులో ఒక అమ్మమ్మ మనవడి క్షేమం కోరి పంపుతుంది. వీడియో ఒకటే, మనసులు వేరు.

"అంట" మోసే బరువు

తెలుగులో మనం కళ్లతో చూసినదానికీ చెవులతో విన్నదానికీ తేడా చూపడానికి ఒక్క చిన్న ముక్క చాలు. "పాము వచ్చింది" అంటే నేను చూశాను. "పాము వచ్చిందంట" అంటే ఎవరో చెప్పారు. పుస్తకాల్లో "అట", మన నోట "అంట". అమ్మమ్మ కథలన్నీ ఈ ముక్క మీదే నడుస్తాయి: ఒక రాజు ఉన్నాడంట, ఆయనకు ఏడుగురు కొడుకులంట.

ఈ ముక్క ఒకేసారి రెండు పనులు చేస్తుంది. నేను చూడలేదని నిజాయితీగా చెప్తుంది. అదే సమయంలో నా మీద బాధ్యత లేకుండా మాట దాటించే వీలు కూడా ఇస్తుంది. "నాకేం తెలుసు, అంటన్నారు" అనేస్తే సరిపోతుంది. అందుకే పుకార్లకు "అంట" చాలా సౌకర్యమైన బండి. కానీ అది ఉన్నంతసేపూ విన్నవాడికి ఒక గుర్తు అందుతూనే ఉంటుంది, ఇది విన్నమాట అని.

ప్రమాదం అది రాలిపోయినప్పుడు. మూడో మనిషో నాలుగో మనిషో దగ్గర "దొరికినాయంట" కాస్తా "దొరికినాయి" అవుతుంది. ఆ మనిషి కావాలని తీసేయడు. తను నమ్మాడు, నమ్మినదాన్ని అంట పెట్టి చెప్పడం నాలుకకు రాదు. టైపు చేసేటప్పుడైతే ఇంకా తొందరగా పోతుంది. పత్రికలో చదివిన వాక్యాల తీరు మనకు అలవాటు కాబట్టి మెసేజ్ రాయగానే మన వాక్యం కూడా వార్త తొడుగు తొడుక్కుంటుంది. మా సింగరాయకొండ బంధువు ఎదురుగా కూర్చుని చెప్తే "కందుకూరులో ఏందో ప్లాస్టిక్ బియ్యమంట" అనేవాడే. రాసేటప్పుడు "పట్టుబడ్డాయి" అన్నాడు.

ఇంకో మార్పు కూడా ఉంది. నోటితో చెప్పే కాలంలో ప్రతి మనిషి తన మాటల్లో మళ్లీ చెప్పేవాడు కాబట్టి కథ మారేది, మారినా అంట మిగిలేది. ఫార్వర్డులో ఒక్క అక్షరం మారదు. తొలి మెసేజ్‌లో అంట లేకపోతే లక్షో మనిషి దగ్గర కూడా ఉండదు.

తేలే గింజల సంగతి

ఇప్పుడు పిన్ని గిన్నె దగ్గరికి వద్దాం. ఆ గింజలు నిజంగానే తేలాయి. ఆమె చూసినదాంట్లో పొరపాటు లేదు.

ప్లాస్టిక్ బియ్యం కథ మన దగ్గర గట్టిగా తిరిగింది 2017 వేసవిలో. అప్పట్లో అన్నాన్ని ముద్ద చేసి నేలకేసి కొట్టి, బంతిలా ఎగిరితే ప్లాస్టిక్ అన్నారు. బియ్యంలో పిండిపదార్థం ఉంటుంది, ఉడికితే జిగురవుతుంది, గట్టిగా నొక్కి ముద్ద చేస్తే ఏ అన్నమైనా కొంత ఎగురుతుంది. కొత్త బియ్యమైతే ఇంకాస్త ఎక్కువ. ప్లాస్టిక్ అయితే నీళ్లు పీల్చి ఉబ్బదు, అన్నంలా ఉడకదు. పైగా కిలో ప్లాస్టిక్ గుళికల ఖరీదు కిలో బియ్యం కన్నా ఎక్కువ. నష్టానికి కల్తీ చేసే వ్యాపారి ఉండడు. అధికారులు పరీక్షలు చేయించి ఇదే చెప్పారు, గొడవ సద్దుమణిగింది. కానీ "బియ్యంలో ప్లాస్టిక్ కలుస్తుంది" అన్న మూస మాత్రం మన బుర్రల్లో ఖాళీగా మిగిలిపోయింది, అందులో ఇమిడే వస్తువు కోసం.

ఆ వస్తువు నాలుగేళ్లకు వచ్చింది. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట ప్రసంగంలో 2024 నాటికి ప్రభుత్వ పథకాల బియ్యమంతా ఫోర్టిఫైడ్ చేస్తామని ప్రకటించారు. రక్తహీనత తగ్గించడానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపిన బియ్యం అది. చేసే పద్ధతి ఇలా ఉంటుంది. నూకల్ని పిండి చేస్తారు, పోషకాల పొడి కలుపుతారు, సేమియా ఒత్తినట్టు యంత్రంలో ఒత్తి బియ్యపు గింజ ఆకారంలో కోస్తారు. ఈ గింజల్ని మామూలు బియ్యంలో సుమారు నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. పొలంలో పండిన గింజ వేరు, పిండితో ఒత్తిన గింజ వేరు. రంగు కొంచెం తేడాగా ఉంటుంది, నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి.

మన వైపు వాళ్ల చేతులకు బియ్యం సంగతి బాగా తెలుసు. నెల్లూరు మొలగొలుకుల పేరు చెప్పుకుని పెరిగిన ప్రాంతం ఇది. పాత బియ్యమా కొత్త బియ్యమా అన్నది గుప్పిట్లోకి తీసుకుంటేనే చెప్పగల ఆడవాళ్లున్నారు. అలాంటివాళ్ల చేటలో నూటికొక్క గింజ తేడాగా ఉంటే పట్టుకోకుండా ఉంటారా? పట్టుకున్నారు. అదేమిటో ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పనిచోట 2017 మూస సిద్ధంగా ఉంది, గింజ వెళ్లి అందులో పడింది. పుకారును నమ్మినవాళ్లను అమాయకులని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఈ పుకారు పుట్టింది తెలియనితనంలోంచి కాదు, పరికించి చూసే అలవాటులోంచి. వివరణ రావాల్సిన చోట నుంచి రాలేదు.

నిప్పు లేందే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు ఉంది, కానీ అది అందరూ అనుకున్న నిప్పు కాదు. అసలు ఆలోచించాల్సిన విషయం వేరే ఉంది. తలసేమియా లాంటి రక్తపు జబ్బులున్నవాళ్లకు అదనపు ఇనుము మంచిదేనా, అందరికీ ఒకే బియ్యం ఇవ్వడం సరైనదేనా అన్న చర్చ వైద్యుల్లో జరిగింది. ప్లాస్టిక్ గోల ఆ చర్చను మన ఇళ్లదాకా రానివ్వలేదు.

గోడ మీద రాత, గేటుకు సీసా

కొన్ని పుకార్లు మాటల్లో కాకుండా వస్తువుల్లో బతుకుతాయి. చాలా ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దతోనో బొగ్గుతోనో రాసి ఉండేది. రాత్రిపూట ఒక ఆడదయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే ప్రాణం పోతుంది, గోడ మీద ఈ రాత చూస్తే వెనక్కి పోయి మర్నాడు మళ్లీ వస్తుంది. కర్ణాటకలో ఇదే కథ "నాళె బా" పేరుతో తిరిగింది, అర్థం అదే.

దీని నిర్మాణం గమనించండి. భయం పెద్దది, మందు చవక. సుద్దముక్క ఉంటే చాలు. రాసినవాడికి ఏమీ కాలేదంటే రాత పనిచేసినట్టే. రాయనివాడికి ఏమీ కాకపోతే దయ్యం ఇంకా ఆ వీధికి రాలేదని అర్థం. ఏ దారిన చూసినా కథ ఓడిపోదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి రాతా ఒక ప్రకటన. కథ ఒక్కసారి కూడా వినని మనిషి వీధిలో పది తలుపుల మీద అదే వాక్యం చూస్తే ఏమిటని అడుగుతాడు. అడిగితే చెప్తారు. చెప్పాక తన తలుపు మీద రాయకుండా నిద్రపోవడం ఎంతమందికి సాధ్యం?

దయ్యం పాతబడింది గానీ ఆ యంత్రాంగం మన కళ్లముందే ఉంది. నెల్లూరులోనో ఒంగోలులోనో కాలనీల్లో నడుస్తుంటే గేట్లకు ఎర్రనీళ్ల సీసాలు, నీలిమందు కలిపిన సీసాలు వేలాడుతూ కనిపిస్తాయి, కుక్కలు రాకుండా. కుక్క రాని రోజు సీసా గెలిచినట్టు. వచ్చిన రోజు నీళ్ల రంగు వెలిసిపోయినట్టు. నేను ఒకాయన్ని అడిగితే "పనిచేస్తదో లేదో గానీ అందరూ కట్టారు, మనదొక్కటే ఖాళీగా ఉంటే కుక్కలన్నీ మన గేటుకే వస్తాయి గదా" అన్నాడు. ఈ వాదనను తోసిపుచ్చడం కష్టం. నమ్మకం లేకుండానే ఆచారం నిలబడగలదని ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. పది రూపాయల నాణెం దగ్గర ఇదే మళ్లీ కనిపిస్తుంది.

భూమి కదిలిన రాత్రులు

2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా స్వల్ప ప్రకంపనలు వచ్చాయి. గిన్నెలు కదిలాయి, జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు, పెద్దగా నష్టం లేదు. అదే నెల మొదట్లో ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలుగునాట చాలా దూరం తెలిసింది. ఒంగోలు ప్రాంతానికి ఇది కొత్త కాదు, 1967 మార్చి 27న ఇక్కడ సుమారు 5.4 తీవ్రతతో వచ్చింది. ఇలాంటి ప్రతిసారీ "రాత్రి ఇంకా పెద్దది వస్తదంట, ఇళ్లలో పడుకోవద్దంట" అన్న మాట బయల్దేరుతుంది. భూకంపం ఏ రోజు ఏ గంటకు వస్తుందో చెప్పే పద్ధతి ఇప్పటికీ లేదు. అయినా గంటలతో సహా మెసేజ్‌లు వస్తాయి.

భయపడ్డ మనిషికి ధైర్యం చెప్పే పుకార్లు రావాలి గదా, ఇంకా భయపెట్టేవే ఎందుకు వస్తాయి? ఈ ప్రశ్నకు దొరికిన తొలి ఆధారాల్లో ఒకటి మన దేశానిదే. 1934 జనవరి 15న బిహార్‌లో మహా భూకంపం వచ్చింది. జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ తర్వాత వ్యాపించిన పుకార్లను సేకరించి 1935లో ప్రచురించారు. ప్రకంపన తెలిసి, నష్టం మాత్రం జరగని ప్రాంతాల్లో తిరిగినవి అవి. చంద్రగ్రహణం రోజు ఇంకా పెద్ద భూకంపం వస్తుందన్నారు. భూకంపం సమయంలో గంగలో నీళ్లు మాయమై స్నానం చేసేవాళ్లు ఇసుకలో కూరుకుపోయారన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ ఈ పాత బిహారు పుకార్లను చూసి ఒక వివరణ ఇచ్చాడు. మనిషి వణికిపోయాడు. చుట్టూ చూస్తే గోడలు నిలబడే ఉన్నాయి. గుండెల్లో భయం, కళ్లముందు భయపడాల్సింది ఏమీ లేదు. ఈ రెండూ పొసగవు. ముందుంది ముప్పు అనుకుంటే పొసుగుతాయి. అంటే పుకారు భయాన్ని పుట్టించలేదు, అప్పటికే ఉన్న భయానికి కారణం సమకూర్చింది. 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి కళ్లముందే నాశనం జరిగినప్పుడు తిరిగిన మాటలను దుర్గానంద్ సిన్హా పరిశీలించారు. అక్కడ ఈ తరహా అతిశయాలు పెద్దగా కనిపించలేదు. కళ్లముందే కారణం ఉంది మరి.

ఇదొక్కటే వివరణ అనుకోవద్దు. 1940లలో గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, విషయం మనకెంత ముఖ్యమో, ఎంత అస్పష్టమో ఆ రెంటి మీద పుకారు బలం ఆధారపడుతుందన్నారు. రెండింటిలో ఏది సున్నా అయినా పుకారు లేదు. ముంబయిలో ఉల్లిధర పుకారు మనకు పట్టదు. సాయంత్రం ఆరింటికి కరెంటు పోతుందని లైన్‌మన్ స్వయంగా చెప్తే అదీ పుకారు కాదు. ఒకరి తర్వాత ఒకరికి చెప్పించి చూసిన ప్రయోగాల్లో వివరాలు రాలిపోవడం, మిగిలినవి పదునెక్కడం, కథ వినేవాళ్ల పాత నమ్మకాల్లోకి ఒదగడం వాళ్లు గమనించారు. మా పిన్ని గిన్నెకు జరిగింది అచ్చంగా అదే.

తర్వాత 1960లలో తమోత్సు షిబుతాని అనే సామాజిక శాస్త్రవేత్త వేరే మాట చెప్పాడు. ప్రయోగశాలలో మనిషి వింటాడు, చెప్తాడు, అంతే. వీధిలో అలా కాదు, జనం అడుగుతారు, వాదిస్తారు, తెలిసినవి కలుపుతారు. ఖచ్చితమైన వార్త దొరకనప్పుడు నలుగురూ కలిసి సమకూర్చుకునే తాత్కాలిక వార్తే పుకారు అన్నాడు. రోగంగా చూసే చూపు మొదటిది, కూడిక పనిగా చూసే చూపు రెండోది. ముండ్లమూరులో చలిరాత్రి ఆరుబయట కూర్చున్నవాళ్ల సంగతికి నాకు రెండోదే దగ్గరగా అనిపిస్తుంది.

సముద్రం వస్తదంట: పరుగెత్తడం తెలివితక్కువా?

2004 డిసెంబరు 26 సునామీ మన తీరాన్నీ కొట్టింది. నెల్లూరు, ప్రకాశం పట్టపుపాలేల్లో పడవలు, వలలు, మనుషులు పోయారు. ముందు ఒక్క హెచ్చరిక లేదు. నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 30న, మరో సునామీ రావచ్చని కేంద్ర హోంశాఖ తీర రాష్ట్రాలను అప్రమత్తం చేసింది. తీరం వెంట జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగులు తీశారు. ఆ హెచ్చరికకు మూలం అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ చెప్పిన జోస్యం. దానికి శాస్త్రీయ ఆధారం లేదని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ అదే రోజు చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వ ముద్ర వేసుకున్న పుకారు అది. "అధికారికంగా వచ్చిందే నమ్మండి" అన్న సూత్రం అన్నివేళలా సరిపోదని ఆ రోజు చూశాం.

ఆ పరుగును లెక్కలో చూద్దాం. పదిసార్లు సముద్రం వస్తుందన్నారు, పదిసార్లూ పరుగెత్తారు, పదిసార్లూ రాలేదు అనుకుందాం. పోయింది పది పూటల వేట. ఒక్కసారి నిజంగా వచ్చి, ఆ ఒక్కసారి కదలకపోతే పోయేది ఇంటిల్లిపాదీ. పొరపాటున నమ్మడానికి అయ్యే ఖర్చు చిన్నది, పొరపాటున నమ్మకపోవడానికి అయ్యేది పెద్దది. అందుకే ప్రమాదాన్ని మోసుకొచ్చే పుకారు మన మనసులో సులువుగా దారి సంపాదిస్తుంది. ఒడ్డున బతికేవాళ్ల లెక్క ఒడ్డుకు దూరంగా ఉన్నవాళ్లకు అర్థం కాకపోవచ్చు. 2007లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలయ్యాక అడగడానికి ఒక చోటంటూ ఏర్పడింది.

కృష్ణపట్నం క్యూలు: బతికినవాళ్ల సాక్ష్యం

ఆశతో తిరిగే మాటలు వేరే రకం. 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ పడకల కోసం మనుషులు ఊళ్లు పట్టి తిరుగుతున్నప్పుడు, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఉచితంగా ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది వచ్చారు. కంట్లో చుక్కలు వేస్తే నిమిషాల్లో ఆక్సిజన్ పెరిగిందన్న వీడియోలు ఫోన్లలో తిరిగాయి. అధికారులు పంపిణీ ఆపి పరీక్షలు చేయించారు. మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని కనిపించలేదని, కొవిడ్‌ను తగ్గిస్తుందన్న రుజువు మాత్రం లేదని, డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపొద్దని చెప్పింది.

రెండు పక్షాలకూ మాటలున్నాయి. డబ్బు తీసుకోకుండా, ఆసుపత్రులు చేతులెత్తేసిన వేళ ఆయన చేశాడు, తగ్గిందని మనుషులే చెప్తున్నారు అన్నది ఒక పక్షం. తగ్గిందని చెప్పడం రుజువు కాదు, పోల్చి చూడాలి అన్నది వైద్యుల పక్షం. రెండో మాట ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెప్తాను. వందమంది రోగులున్నారు, ఏ మందూ లేకుండానే 95 మంది కోలుకుంటారు అనుకుందాం. వందమందికీ ఒక మందు ఇచ్చారు, అది ఏమీ చేయదు అనుకుందాం. అప్పుడు కూడా 95 మంది "ఈ మందుతో తగ్గింది" అని మనస్ఫూర్తిగా చెప్తారు. చెప్పలేనివాళ్లు ఆ అయిదుగురు. మనకు వినపడేది 95 గొంతులు. ఈ లెక్క ఆ మందు పనిచేయదని నిరూపించదు. కోలుకున్నవాళ్ల మాటలతో మాత్రమే పనిచేస్తుందని నిరూపించలేమని చెప్తుంది. ఆ క్యూలో నిలబడ్డవాళ్ల మీద నాకు గౌరవం తప్ప మరొకటి లేదు. ఊపిరందని మనిషిని ఇంట్లో పెట్టుకుని రుజువుల కోసం ఆగేది ఎవరు?

పది రూపాయల నాణెం: ఎవరూ నమ్మని పుకారు

పది రూపాయల బిళ్ల చెల్లదంట అన్న మాట మన ప్రాంతంలో ఏళ్ల తరబడి నిలబడింది. బొమ్మ మీద పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే దొంగది అన్నారు. రూపాయి గుర్తు లేకపోతే చెల్లదన్నారు. ఆ గుర్తు వచ్చిందే 2010లో, అంతకుముందు ముద్రించిన వాటి మీద ఎలా ఉంటుంది? 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు మొత్తం 14 రకాల పది రూపాయల నాణేలు విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని మరోసారి ప్రకటించింది.

ఆ ప్రకటన చూపించినా కొట్టు ఆయన తీసుకోలేదు. "నాకు తెల్సు సార్ చెల్లుద్దని. రేపు నేనిస్తే ఎవురూ దీసుకోరు, నా గల్లాలో పడుంటది." కూరగాయల ఆమెదీ ఆ మాటే. ఆటో అబ్బాయిదీ ఆ మాటే. అందరికీ నిజం తెలుసు, అవతలివాడికి తెలియదేమో అన్న అనుమానం ఒక్కటే అందర్నీ కట్టేసింది. ఇలాంటి పుకారును నిజం చెప్పి చంపలేం, ఎందుకంటే దానికి నమ్మేవాడే అక్కర్లేదు. డబ్బు విలువ ఎప్పుడూ అవతలివాడు తీసుకుంటాడన్న ధీమా మీదే నిలబడుతుంది. ఆ ధీమాను తన్నగలిగిన పుకారు తనను తానే నిజం చేసుకుంటుంది.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు: ప్రాణాలు తీసిన మాట

ఇప్పటిదాకా చెప్పినవాటిలో పోయింది బియ్యమో నిద్రో చిల్లరో. 2018లో ప్రాణాలు పోయాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మెసేజ్‌లు ఆ వేసవిలో దక్షిణాదంతా తిరిగాయి. బైకు మీద వచ్చి పిల్లాణ్ని ఎత్తుకుపోతున్న ఒక వీడియో వాటికి సాక్ష్యం. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. చివర్లో పిల్లాణ్ని తిరిగి అప్పగించి, హెచ్చరిక చూపించే భాగం ఉంది. దాన్ని కత్తిరించారు. యుద్ధంలో చనిపోయిన సిరియా పసిపిల్లల ఫోటోలు కూడా మన పిల్లలవే అన్నట్టు తిరిగాయి. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురు సంచారజాతి మనుషుల్ని కొట్టి చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు అనుమానించి హైదరాబాద్ యువకుణ్ని చంపేశారు.

ఎవరిని కొట్టారో చూడండి. భిక్షాటనకు వచ్చినవాళ్లు, భాష తెలియనివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, ఊరూరూ తిరిగి బతికేవాళ్లు. ముఖం తెలిసిన మనిషి మీద ఈ పుకారు పడదు. ఊరు ఎవరిని అప్పటికే పరాయిగా చూస్తోందో వెతుక్కుని వాళ్ల మీదే పడుతుంది. ఇది రాస్తుంటే మా వీధిలో సాయంత్రాలు వచ్చే బుడబుక్కల ఆయన గుర్తొస్తాడు. ఆ నెలల్లో ఆయన రాలేదు.

ఆ జులైలోనే వాట్సాప్ రెండు మార్పులు తెచ్చింది. తిప్పి పంపిన మెసేజ్ మీద "ఫార్వర్డెడ్" అన్న గుర్తు, భారత్‌లో ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా పరిమితి. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు తిరిగిన మెసేజ్‌ను ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలం. నా లెక్కలో ఆ గుర్తు, రాలిపోయిన "అంట"ను యంత్రం తిరిగి అతికించడం. కాకపోతే మన అంట వాక్యంలో కలిసి చెవిన పడుతుంది, ఆ గుర్తు బూడిదరంగు చిన్న అక్షరాల్లో పైన ఉంటుంది. కాపీ చేసి పంపితే అదీ ఉండదు.

అబద్ధమని చెప్తే పోతుందా

దిద్దడం వల్ల లాభముందా అన్నదాని మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒకే మాట పదేపదే వింటే నిజమనిపిస్తుందని 1970ల నుంచి ప్రయోగాలు చూపిస్తున్నాయి. అందుకని "ఇది అబద్ధం" అంటూ పుకారును మళ్లీ చెప్పడం కూడా దానికి బలమే అన్నారు కొందరు. దిద్దితే ఇంకా మొండిగా పట్టుకుంటారని 2010 ప్రాంతంలో గట్టిగా వినపడింది. తర్వాత జరిగిన పెద్ద ప్రయోగాల్లో అది అరుదని తేలింది. చాలామంది దిద్దుబాటును వింటారు, కాకపోతే పాత మాట మరక కొంత మిగులుతుంది. "అది కాదు" అని ఆపేయకుండా "మరి ఏమిటి" అన్నదానికి జవాబు కూడా ఇస్తే మరక తగ్గుతుంది. 2018లో తెలంగాణలోని గద్వాల జిల్లా పోలీసులు ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో జానపద కళాకారులతో పాటలు కట్టించి ఊళ్లలో పాడించారు. పుకారు వచ్చిన దారినే, ముఖాముఖి, నోటిమాటగా జవాబు పంపడం అది.

నేను పిన్నికి ఫోన్ చేసి నూకల పిండి, యంత్రం, నూటికి ఒక గింజ అంతా చెప్పాను. తేలిన గింజను వేళ్లతో నలపమన్నాను. నలిపింది. "పిండే అయిందిరా" అంది. కాసేపు మాట్లాడలేదు. "మరి ఆ ముక్క బియ్యం ఇచ్చేటప్పుడే చెప్పొచ్చు గదా, ఒక కాయితం అంటిచ్చొచ్చు గదా" అంది. పక్కింటామెకు కూడా తనే వెళ్లి చెప్పింది. గ్రూపులో నేను పెట్టిన వివరణకు మూడు దండాల బొమ్మలు వచ్చాయి, సింగరాయకొండ మెసేజ్ మాత్రం అలాగే ఉంది.

మొన్న సంక్రాంతికి కందుకూరు వెళ్లాను. పిన్ని బియ్యం కడుగుతోంది. తేలిన గింజల్ని చేత్తో తీసి పక్కన పెడుతోంది. నేను చూస్తున్నానని గమనించి, "తెల్సులేరా, ప్లాస్టిక్ కాదు" అంది, ఇంకో రెండు గింజలు ఏరుతూ.